హాలు ఖర్చు, ఇంటి ఖర్చు: కూకట్‌పల్లి కుటుంబం అడిగిన లెక్కకు నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కేపీహెచ్‌బీ కాలనీలో ఉంటున్న మీ ఇంట్లో దంపతులు మీరిద్దరు, పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు కలిపి ఐదుగురు. నెలకు రెండు సినిమాలు దగ్గర్లోని మాల్‌లో చూస్తున్నారు. ఈమధ్య ఒక పెద్ద చిత్రానికి తొలి ఆదివారం వెళ్తే టికెట్లకూ బుకింగ్ రుసుముకూ 2,400, తినుబండారాలకు 1,310, మొత్తం 3,710 రూపాయలు అయ్యాయి. ఇక మాల్‌కు వెళ్లడం మానేసి, సుమారు 1,20,000 రూపాయలతో 65 అంగుళాల టీవీ, ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ వాయిదాల మీద తీసుకుంటే లాభమా అని అడిగారు. ఒకే తెర ఉండే హాలుకు, అంటే సింగిల్ స్క్రీన్‌కు వెళ్తే అమ్మగారికి ఇబ్బంది అవుతుందా, మొదటి వారమే చూడాలని పట్టుబట్టే పిల్లలకు ఏం చెప్పాలి అన్నవి మీ మిగతా రెండు సందేహాలు.

నైజాం ఏరియాలో (సినిమా వ్యాపారంలో తెలంగాణకు వాడే పేరు ఇది) పంపిణీ కార్యాలయాల్లోనూ, థియేటర్ల వసూళ్ల లెక్కల్లోనూ చాలాకాలం పనిచేసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. మీరు హాలును ఒకవైపు, ఇంటిని మరొకవైపు పెట్టి తూకం వేస్తున్నారు గానీ, హైదరాబాద్‌లో ఎక్కువ డబ్బు తేడా పడేది ఒకే సినిమాను తొలి నాలుగు రోజుల్లో చూడటానికీ, రెండో వారంలో చూడటానికీ మధ్య. మాల్‌లోని తెరకూ, రోడ్డు మీది సొంత భవనంలో నడిచే హాలుకూ మధ్య. ఈ రెండు తేడాలను సరిగ్గా వాడుకుంటే మీ నెల ఖర్చు సగానికి దిగుతుంది, టీవీ కొన్నా కొనకపోయినా. టీవీ కొనవద్దని చెప్పడం లేదు; టికెట్ల మీద మిగిలే డబ్బుతోనే దాని ధర తీరుతుందనుకుని కొనవద్దని మాత్రం చెబుతున్నాను.

ముందు టికెట్టు సంగతి చూద్దాం. తెలంగాణలో టికెట్టు ధర హాలువారు ఇష్టం వచ్చినట్టు పెట్టుకునేది కాదు. 2021 డిసెంబరులో వచ్చిన జీవో 120 ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్లలో కనిష్ఠం 50, గరిష్ఠం 150 రూపాయలు. మల్టీప్లెక్సుల్లో కనిష్ఠం 100, గరిష్ఠం 250 రూపాయలు. వెనక్కి వాలే రిక్లైనర్ సీట్లకు సింగిల్ స్క్రీన్‌లో 200, మల్టీప్లెక్స్‌లో 300. వీటిమీద జీఎస్టీ అదనం. మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకు 295 అని కనిపించేది ఇలా వచ్చిందే: 250కి 18 శాతం కలిపితే 295. అదే విధంగా సింగిల్ స్క్రీన్ బాల్కనీ 177 చుట్టూ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గిందని వార్తల్లో చూసి ఉంటారు. ఆ తగ్గింపు 100 రూపాయలు, అంతకు లోపు టికెట్లకే వర్తిస్తుంది, అక్కడ 12 శాతం ఉన్నది 5 శాతమైంది. 100 దాటిన టికెట్టుకు పాత 18 శాతమే కొనసాగుతోంది. అంటే మాల్‌లో కూర్చునే మీ కుటుంబానికి ఆ తగ్గింపు వల్ల ఒక్క రూపాయి కూడా మిగలలేదు. సింగిల్ స్క్రీన్‌లో కింది తరగతి టికెట్టు కొన్నవారికి మాత్రం కాస్త మిగిలింది.

ఆ ఆదివారం మీరు చెల్లించిన ధర ఈ గరిష్ఠాన్ని దాటింది కదా, దానికి కారణం విడుదలకు ముందు ఒక్కో చిత్రానికి విడిగా వచ్చే పెంపు ఉత్తర్వు. ఈ పెంపు ఎంత దూరం వెళ్లగలదో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 2024 డిసెంబరులో విడుదలైన ఒక భారీ చిత్రానికి ముందురోజు రాత్రి ప్రదర్శనలకు 800 రూపాయలు అదనంగా, ఆ తర్వాత తొలి నాలుగు రోజులు సింగిల్ స్క్రీన్‌లో 150, మల్టీప్లెక్స్‌లో 200 రూపాయలు అదనంగా వసూలు చేసుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. పన్నుతో కలిపి మల్టీప్లెక్స్ టికెట్టు 531, బాల్కనీ 354 అయింది. ఐదుగురికి మాల్‌లో 2,655 రూపాయలు. పెంపు గడువు ముగిశాక అదే సీట్లకు 1,475. బాల్కనీ లెక్క ఇంకా స్పష్టం: తొలి రోజుల్లో 1,770, ఆ తర్వాత 885, సరిగ్గా సగం. తెర అదే, ధ్వని అదే, సినిమాలో ఒక్క సన్నివేశం కూడా తగ్గలేదు. పైగా జనం పలచబడతారు కాబట్టి మధ్య వరుసలో పక్కపక్కన ఐదు సీట్లు దొరుకుతాయి.

ఈ పెంపు డబ్బు ఎవరికి చేరుతుందన్నది చాలామంది ప్రేక్షకులకు తెలియదు. సింగిల్ స్క్రీన్‌లో ప్రతి రాత్రీ మేనేజరు డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ల కాగితం తయారుచేస్తారు. అందులో ఒక్కో ఆటకు తరగతి పేరు, టికెట్టు ధర, తెగిన టికెట్లు, గ్రాస్ (మొత్తం వసూలు), పన్ను, చివర నెట్ (పన్ను పోగా మిగిలింది) అని వరుసగా గడులు ఉంటాయి. పెంపు ఉన్న రోజుల్లో బాల్కనీ గడిలో అంకె ఒక్కసారిగా లావెక్కుతుంది, కింది తరగతుల్లో తెగిన టికెట్ల సంఖ్య మాత్రం మామూలుగానే ఉంటుంది, ఒక్కోసారి తగ్గుతుంది. ఆ నెట్ నుంచి హాలు యజమానికి ఎంత దక్కుతుందన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. పెద్ద చిత్రాలకు తొలి వారం హాలును అద్దెకు తీసుకుని, వసూళ్లు జారాక వాటా పద్ధతికి మారడం తెలుగు రాష్ట్రాల్లో అలవాటుగా వస్తోంది. అద్దె నిర్ణీతమైనప్పుడు టికెట్టు 177 అయినా 354 అయినా హాలు యజమానికి వచ్చేది ఒక్కటే. పెరిగినదంతా పంపిణీదారుకూ నిర్మాతకూ వెళ్తుంది. మల్టీప్లెక్సులకు మొదటి రోజు నుంచే వాటా ఉంది, మాకెందుకు లేదని సింగిల్ స్క్రీన్ యజమానులు 2025 మే నెలలో గట్టిగా పట్టుబట్టి, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని చెప్పేదాకా వెళ్లడానికి మూలం ఇదే. మీరు పెంపు చెల్లించినంత మాత్రాన హాలులో సీట్లు మెరుగుపడవని, మరుగుదొడ్లు శుభ్రపడవని ఇందువల్ల గ్రహించవచ్చు.

తొలి వారమే ఎందుకు పిండుకుంటారంటే, తర్వాత పిండుకోవడానికి సమయం లేదు కాబట్టి. పెద్ద చిత్రాలు విడుదలైన ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి ఇవ్వాలని 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి మరీ చర్చించుకున్నారు, తీర్మానించుకున్నారు. ఆచరణలో మాత్రం చాలా తెలుగు చిత్రాలు నాలుగు వారాలకే ఇంటి తెర మీదికి వస్తున్నాయి. ఎనిమిది వారాల నియమం మీద జాతీయ మల్టీప్లెక్స్ గొలుసులు హిందీ చిత్రాల విషయంలో పట్టుబట్టినంతగా ఇక్కడ ఎవరూ పట్టుబట్టలేదు. నెలలో ఇంట్లోనే చూడొచ్చని ప్రేక్షకుడికి తెలిసిపోయాక మధ్యస్థంగా ఉన్న సినిమాకు రెండో వారం జనం రారు. రెండో వారం జనం రారని తెలిశాక నిర్మాత తొలి వారం ధర పెంచమని అడుగుతాడు. ధర పెరిగిందని ఇంకొంతమంది ఇంట్లోనే కూర్చుంటారు. 2024 మే నెలలో, ఎన్నికలూ ఐపీఎల్ క్రికెట్టూ ఒకేసారి వచ్చి, పెద్ద విడుదలలు లేక, రాష్ట్రంలోని సింగిల్ స్క్రీన్ హాళ్లు కొన్ని రోజులపాటు ఆటలు ఆపుకోవాల్సి వచ్చింది. ఇదంతా మీ బాధ్యత కాదు, కానీ మీ జేబును తాకుతున్నది ఈ చక్రమే.

ఇక బుకింగ్ యాప్. డబ్బు చెల్లించే పుటలో మొత్తం పక్కనున్న చిన్న బాణం నొక్కి చూడండి. టికెట్ల ధర ఒక వరుస, కన్వీనియెన్స్ ఫీజు (యాప్ తీసుకునే బుకింగ్ రుసుము) ఒక వరుస, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ మరో వరుస, కొన్ని యాప్‌లలో విరాళం గడి ఇంకో వరుస. మల్టీప్లెక్స్‌లో టికెట్టుకు ముప్ఫై రూపాయలు, అంతకు పైన కూడా పడే ఈ ఫీజు టికెట్టుకు లెక్కగట్టేది, బుకింగుకు కాదు. ఐదుగురు వెళ్తే ఐదుసార్లు చెల్లిస్తారు. ఆట రద్దుచేసుకుంటే చాలా సందర్భాల్లో తిరిగిరానిదీ అదే. రెండో వారంలో, పని దినాల్లో కౌంటరు దగ్గర టికెట్టు తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి, ఇంటికి పది నిమిషాల దూరంలో హాలున్న మీరు ఈ 180, 200 రూపాయలు ఊరికే ఇస్తున్నారని నా అభిప్రాయం.

తిండి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ బిల్లులో మూడో వంతు దానిదే, తగ్గించుకునే అవకాశం పూర్తిగా మీ చేతిలో ఉన్నదీ దానిలోనే. దేశంలోకెల్లా పెద్ద మల్టీప్లెక్స్ సంస్థ పీవీఆర్ ఐనాక్స్ 2024-25 లెక్కల ప్రకారం సగటు టికెట్టు 260 రూపాయలకు దగ్గరగా ఉంటే, ప్రేక్షకుడు సగటున తిండి మీద పెట్టేది 130కి పైన ఉంది. ఏమీ కొననివారినీ కలుపుకున్న సగటు ఇది. మల్టీప్లెక్స్ వ్యాపారానికి ఇది ప్రాణం, ఎందుకంటే టికెట్టు డబ్బులో పంపిణీదారుకు వాటా పంచాలి, పాప్‌కార్న్ డబ్బులో ఎవరికీ పంచనక్కరలేదు. టికెట్టుకు ప్రభుత్వ గరిష్ఠం ఉంది, టబ్బులో పోసి ఇచ్చే పాప్‌కార్న్‌కు అటువంటి గరిష్ఠం లేదు. ప్యాక్ చేసిన వస్తువులను ఎంఆర్‌పీకే అమ్మాలని 2018లో రాష్ట్ర తూనికలు కొలతల శాఖ మల్టీప్లెక్సుల్లో తనిఖీలు చేసింది గానీ, విడిగా వండి ఇచ్చేదానికి ఎంఆర్‌పీ అన్న ప్రశ్నే రాదు. పన్నును నిందించడానికీ వీల్లేదు. హాలులో విడిగా అమ్మే తిండి మీద జీఎస్టీ 5 శాతమేనని 2023 జులైలో జీఎస్టీ మండలి స్పష్టం చేసింది.

బయటి తిండి తీసుకెళ్లే హక్కు ఉందని కొందరు వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అది నమ్మి గేటు దగ్గర వాదనకు దిగకండి. హాలు ప్రైవేటు ఆస్తి కాబట్టి బయటి తిండిని నిషేధించే అధికారం యజమానికి ఉందని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. అదే సమయంలో తాగునీరు ఉచితంగా ఇవ్వాల్సిందేనని, పసిపిల్లలకు తెచ్చే ఆహారానికి అడ్డుచెప్పకూడదని కూడా ఆ తీర్పులో ఉంది. కాబట్టి నీళ్ల సీసా కొనవలసిన అవసరం లేదు; కౌంటరు పక్కనో, మరుగుదొడ్లకు వెళ్లే దారిలోనో నీటి యంత్రం ఉంటుంది, కనిపించకపోతే అడగండి. మిగతాదానికి ఆట సమయాన్ని మార్చడమే తేలికైన మందు. సాయంత్రం ఆరున్నర ఆటకు వెళ్తే పిల్లలకు ఎనిమిదింటికి ఆకలి వేయడం సహజం, అక్కడ కాంబోలు కొనక తప్పదు. మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేసి రెండున్నర మ్యాట్నీకి వెళ్తే ఇంటర్వెల్‌లో ఒక పెద్ద పాప్‌కార్న్ ఐదుగురికీ సరిపోతుంది. మీ 1,310 నాలుగైదు వందలకు దిగుతుంది, పిల్లలు అలగరు కూడా.

అమ్మగారి విషయానికి వస్తాను. మీరున్న చోటు అదృష్టవశాత్తు సింగిల్ స్క్రీన్లు మిగిలిన ప్రాంతం. కూకట్‌పల్లిలో భ్రమరాంబ, మల్లికార్జున, మూసాపేటలో శ్రీరాములు ఉన్నాయి. సికింద్రాబాద్‌లోనూ అబిడ్స్ చుట్టుపక్కలా ఎన్నో హాళ్లు కాలక్రమంలో కూలిపోయి దుకాణ సముదాయాలయ్యాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో కూడా ఒకప్పటి వరుస ఇప్పుడు లేదు. బాల్కనీ అంటే మెట్లు ఎక్కాలి, అన్ని హాళ్లలో లిఫ్టు ఉండదు. అందువల్ల అమ్మగారు వస్తున్నప్పుడు బాల్కనీ మానేసి, కింది అంతస్తులో వెనుక వరుసలు తీసుకోండి. ధర తక్కువ, మెట్లు తక్కువ, తెర కూడా మరీ మెడ ఎత్తి చూడాల్సినంత దగ్గరగా ఉండదు. టికెట్టు కొనేముందు ఒకసారి మీరొక్కరే ఆ దారిన వెళ్తూ ఆగి, కౌంటరులో సీట్ల పటం చూసి, కింది వరుసలకు ర్యాంపు ఉందా, మహిళల మరుగుదొడ్డి ఏ అంతస్తులో ఉంది అన్న రెండు విషయాలు కనుక్కుంటే, ఆ తర్వాత ఎప్పుడూ ఇబ్బంది ఉండదు. మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ సిటీ బస్సులో మీ శ్రీమతి, అమ్మగారు, అమ్మాయి ముగ్గురికీ ప్రయాణం ఉచితం. మీరూ అబ్బాయీ బండి మీద వెళ్తే చాలు. పార్కింగ్‌లో మాత్రం మాల్‌దే పైచేయి: 2018 నాటి ఉత్తర్వుల వల్ల మాల్‌లో సినిమా టికెట్టు చూపిస్తే పార్కింగ్ రుసుము పడదు, సింగిల్ స్క్రీన్లకు 2021 నుంచి పార్కింగ్ రుసుము తీసుకునే అనుమతి ఉంది.

సింగిల్ స్క్రీన్‌లో సౌకర్యం మాల్‌తో సమానమని నేను చెప్పను. కొన్నిచోట్ల ఏసీ సగం ఆటకు మందగిస్తుంది, సీటు స్ప్రింగు తగులుతుంది, ఇంటర్వెల్‌లో టీ బండి దగ్గర తోసుకోవాలి. కొన్నిచోట్ల మాత్రం కొత్త ప్రొజెక్టరు, కొత్త ధ్వని వ్యవస్థ పెట్టి, వెడల్పాటి తెర మీద మాల్‌లోని చిన్న తెరల కంటే ఎంతో బాగా చూపిస్తున్నారు. హాలును బట్టి తీర్పు ఇవ్వాలి. ఐదుగురికి పెంపు లేని రోజుల్లో బాల్కనీ అయితే 885, ఇంటర్వెల్‌లో సమోసాలు, ఎగ్ పఫ్‌లు, టీలకు 250, పార్కింగు కలుపుకున్నా 1,200 లోపు. మీ 3,710లో ఇది మూడో వంతు.

ఇప్పుడు టీవీ. మాల్ ఖర్చు ఆటకు ఆట విడిగా కనిపిస్తుంది, వద్దనుకున్న నెల ఒక్క రూపాయి కూడా పోదు. ఇంటి ఖర్చు అలా ఉండదు. మీరు చూసినా చూడకపోయినా నెలనెలా కరుగుతూనే ఉంటుంది. 1,20,000 రూపాయల సామగ్రి ఆరేళ్లు మన్నుతుందనుకుంటే నెలకు 1,667 రూపాయలు. వడ్డీ లేని వాయిదా అని చెప్పే పథకాల్లో కూడా ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి, ఒకేసారి డబ్బు కట్టేవారికి దక్కే తగ్గింపు మీకు దక్కదు. దీనికి చందాలు చేర్చండి. నెట్‌ఫ్లిక్స్ 199 ప్లానులో చిత్రం స్పష్టత 720పీ వరకే, 499 ప్లానులో 1080పీ, అన్నిటికంటే స్పష్టమైన ఫోర్‌కే కావాలంటే నెలకు 649. కొత్త ఫోర్‌కే టీవీ కొని 499 ప్లానులో చూస్తే టీవీకి పెట్టిన డబ్బులో కొంత వృథానే. ప్రైమ్ ఏడాదికి 1,499; 2025 జూన్ నుంచి అందులో ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దంటే ఏడాదికి మరో 699. తెలుగు చిత్రాలు ఈ రెండింట్లోనే కాకుండా జియోహాట్‌స్టార్, జీ5, ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్‌లలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి కాబట్టి, ప్రతి చిత్రమూ ఇంట్లోనే చూడాలని పట్టుబడితే చందాల మొత్తమే నెలకు వెయ్యి దాటుతుంది. బ్రాడ్‌బ్యాండ్ మీకు ఎలాగూ ఉంటుంది గనుక నేను లెక్కలోకి తీసుకోను. వేగం పెంచమని అమ్మకందారు చెప్పినా వినకండి. 1080పీకి 5 ఎంబీపీఎస్, ఫోర్‌కేకి 15 ఎంబీపీఎస్ చాలునని నెట్‌ఫ్లిక్స్ సంస్థే చెబుతోంది.

టీవీకి అయ్యే కరెంటు గురించి అడగనే అడగలేదు గానీ, చాలామంది అడుగుతారు. 55 అంగుళాల ఎల్ఈడీ టీవీ మూడు గంటలకు అర యూనిట్టు కూడా కాల్చదు. వేసవిలో ఇంటి హాల్లో ఏసీ వేసుకుని చూస్తే ఒకటిన్నర టన్ను యంత్రం గంటకు ఒకటిన్నర యూనిట్టు వరకు తీసుకుంటుంది. నెల వాడకం 300 దాటిన ఇంట్లో యూనిట్టు 9 రూపాయలు, అంటే ఒక సినిమాకు 40 రూపాయలు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఉచితం పొందుతున్న ఇల్లయితే మాత్రం ఈ సంగతి పట్టించుకోవాలి, ఆ గీత దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సివస్తుంది.

65 అంగుళాలు మీ ఇంటికి అవసరమా అన్నది టేపు పెట్టి కొలిచి తేల్చుకోండి. సోఫాలో కూర్చున్నవారి కంటి నుంచి గోడ వరకు దూరాన్ని అంగుళాల్లో కొలిచి 1.6తో భాగిస్తే వచ్చేది సినిమాలు చూడటానికి తగిన టీవీ పరిమాణం. ఏడున్నర అడుగుల లోపు దూరమైతే 55 సరిపోతుంది. 65 అనుభవంలోకి రావాలంటే దూరం ఎనిమిదిన్నర అడుగులు ఉండాలి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, పాత ధరలు మనసులో పెట్టుకుని బేరం ఆడకండి, ఇప్పటి ధరను రెండు మూడు చోట్ల చూడండి.

ఐదు స్పీకర్ల సెట్టు విషయంలో నా సలహా గట్టిగానే ఉంటుంది: అపార్టుమెంటులో తీసుకోవద్దు. వెనుక స్పీకర్లకు తీగలు లాగాలి, దడదడలాడే ధ్వనినిచ్చే వూఫర్ నేలమీద పెడితే కింది ఇంటివారి పైకప్పు అదురుతుంది, రాత్రి పది దాటాక ధ్వని తగ్గించుకుంటే ఆ డబ్బంతా దండగ. టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు, అంటే మధ్యరకం సౌండ్‌బార్ ఒకటి చాలు. సినిమాలో మాటలు వినపడక ధ్వని పెంచడం, పాట రాగానే ఉలిక్కిపడి తగ్గించడం మీ ఇంట్లో కూడా జరుగుతుంటే, టీవీ ధ్వని సెట్టింగుల్లో మాటలను పెంచే అమరికనో, నైట్ మోడ్‌నో పెట్టి చూడండి. అమ్మగారికి ఇది బాగా ఉపకరిస్తుంది. ఈ లెక్కన 55 అంగుళాల టీవీ, సౌండ్‌బార్ కలిపి 70,000 లోపు సరిపెట్టుకోవచ్చు. చందాలు ఏడాదికి కట్టే బదులు ఒక నెల ఒకటి, మరుసటి నెల మరొకటి తీసుకుంటే సగటున నెలకు 500 మించదు. సామగ్రి భారం వెయ్యికి కొంచెం లోపు, చందా 500, మొత్తం 1,500. ఇది పెంపు లేని రోజు మాల్‌లో ఒక ఆటకు ఐదుగురి టికెట్ల ధరకు సమానం, కానీ అమ్మగారి సీరియళ్లూ, పిల్లల క్రికెట్టూ, నెలంతా అందులోనే వస్తాయి. కేవలం సినిమాల కోసం కొంటే ఇది గిట్టుబాటు కాదు. ఇంట్లో పాత టీవీ ఎలాగూ మార్చాల్సి ఉంటే గిట్టుతుంది.

ఏ సినిమాకు హాలు, ఏ సినిమాకు ఇల్లు అన్నది ప్రతి ఇంటి రుచిని బట్టి ఉంటుంది, అయినా నా పద్ధతి చెబుతాను. తెర వెడల్పూ ధ్వనీ కథలో భాగమైన చిత్రాన్ని, నవ్వులో పక్కవారితో కలవాలనిపించే హాస్య చిత్రాన్ని హాలులో చూస్తాను. ఇద్దరు ముగ్గురు పాత్రలు గదిలో కూర్చుని మాట్లాడుకునే కథకు, ఎంత గొప్పదైనా, నాలుగు వారాలు ఆగుతాను. అటువంటి దానికి ఇంటి తెర ఏమీ తక్కువ చేయదు. తొలి వారాంతం తర్వాత కూడా జనం మాట్లాడుకుంటున్న చిత్రమైతే రెండో వారం మంగళవారమో బుధవారమో కూకట్‌పల్లిలోనే దొరుకుతుంది. మాట్లాడుకోవడం ఆగిపోయిన చిత్రానికి మీ ఐదు టికెట్లు మిగిలినట్టే.

పిల్లల పట్టుదలను తీసిపారేయవద్దు. సోమవారం తరగతిలో అందరూ చెప్పుకునే కథ తనకు తెలియకపోవడం పదమూడేళ్ల అమ్మాయికి చిన్న విషయం కాదు. ఏడాదికి రెండు చిత్రాలు వాళ్లనే ఎంచుకోమనండి. ఆ రెండింటికీ తొలి వారంలోనే, పెంపు చెల్లించి, అది పండగ ఖర్చు అనుకుని తీసుకెళ్లండి. మిగతావాటికి ఆగడానికి వాళ్లు తేలిగ్గా ఒప్పుకుంటారు. అయితే ముందురోజు రాత్రి ప్రీమియర్‌కు మాత్రం పిల్లలతో వెళ్లకండి. 2024 డిసెంబరు 4న ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ రాత్రి తొక్కిసలాటలో కుటుంబంతో వచ్చిన ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ప్రత్యేక ప్రదర్శనలకు అనుమతి ఇవ్వబోమని ప్రభుత్వం ప్రకటించింది, 2025లో మళ్లీ కొన్ని చిత్రాలకు పెంపు ఉత్తర్వులు వచ్చాయి, అవి హైకోర్టు ముందుకూ వెళ్లాయి. నియమం ఎటు మారినా, తొలి ఆదివారం ఉదయం పదకొండు గంటల ఆట మీకు అన్నివిధాలా మేలు: పిల్లలు అలసిపోకముందే చూస్తారు, మధ్యాహ్న భోజనానికి ఇంటికి చేరతారు. టికెట్లు బుక్ చేసేముందు సెన్సార్ సర్టిఫికెట్టు కూడా చూసుకోండి. ఇప్పుడు యూఏ తరగతిని 7+, 13+, 16+ అని విడగొట్టారు. ఎనిమిదేళ్ల అబ్బాయిని 16+ చిత్రానికి తీసుకెళ్లాలా అన్నది తల్లిదండ్రులుగా మీ నిర్ణయం. ‘ఏ’ సర్టిఫికెట్టు చిత్రమైతే మాత్రం ఇద్దరు పిల్లలనూ గేటు దగ్గరే ఆపేస్తారు, అప్పుడు ఆ రెండు టికెట్ల డబ్బూ, వాటి కన్వీనియెన్స్ ఫీజూ మీ దగ్గరికి తిరిగిరావు.